పందెం మీసానికి కత్తి పట్టినవాడు

1962 జనవరిలో సోమందేపల్లి బస్సులు ఆగేచోట ఒక టీ హోటల్లో పందెం జరిగింది. కట్టినవాళ్లు ఇద్దరు. చిక్కుల్లో పడినవాడు మూడోవాడు. అతను ఆ సమయానికి అక్కడ లేడు. రెండు మైళ్ల అవతల ఊళ్లో, ఎవరికో గడ్డం గీస్తున్నాడు.

పందెం కట్టిన చంద్రప్ప, రంగప్ప ఒకే ఊరివాళ్లు. దాయాదులు. ఒక పొలం గట్టు దగ్గర మొదలైన తగాదా కోర్టుకు పోయింది, కోర్టు నుంచి పంచాయతీ ఎన్నికలకు, అక్కడి నుంచి ఢిల్లీ పార్లమెంటు ఎన్నికలకు ఎక్కింది. చంద్రప్ప కాంగ్రెసువాళ్ల కాడెద్దుల గుర్తు మనిషి. కాడెద్దులకు ఎవరు ఎదురు నిలబడితే రంగప్ప వాళ్ల మనిషి. అంతకు మించి ఇద్దరికీ రాజకీయం లేదు.

"ఈ తూరి గూడా ఢిల్లీ ఓటు మాదే" అన్నాడు చంద్రప్ప.

"మీ ఎద్దులు ముసలివైపోయినాయి గదప్పా. గానుగకు గూడా పనికిరావు."

"ఓడిపోతే ఏం జేస్తావో చెప్పు, ఊరికే నోరు పారేసుకోవడం గాదు."

"మీసం తీయిస్తా. చావిడి ముందర, నడి ఊర్లో. నువ్వో?"

"నేనూ తీయిస్తా."

"పెనుకొండకు పోయి ఏ సందులోనో కూకుని గొరిగించుకొని వచ్చేది గాదు."

"మన కొండప్ప చేతనే. సరేనా?"

హోటల్లో ఉన్నవాళ్లంతా సాక్షులయ్యారు. సాయంత్రం బస్సు దిగిన ఊరివాళ్లు ఇళ్లకు పోకముందే కొండప్ప ఇంటికి పోయి సంగతి చెప్పారు. శుభవార్త చెప్పినట్టే చెప్పారు.

కొండప్పకు అప్పటికి నలభై దాటాయి. తండ్రి చేసిన పనే చేస్తున్నాడు. ఊళ్లోని రెండు వీధుల్లో, చంద్రప్ప వైపుదీ రంగప్ప వైపుదీ, తలలు, గడ్డాలు అన్నీ అతనివే. ఏడాది పొడుగునా గీసినందుకు కళ్లాల్లో రాగులు కొలిచినప్పుడు ఇంటికింత అని అతని వాటా ఇస్తారు. పెళ్లిళ్లకు సన్నాయి ఊదుతాడు. భార్య హనుమక్క కాన్పులు చేస్తుంది. ఉంటున్న ఇల్లు కూడా ఊరు ఇచ్చిందే. ఆ ఊరి పని చేసినన్నాళ్లే ఆ ఇల్లు.

ఆ వైపు పల్లెల్లో మగవాడి మీసం ఊరికే తీయరు. తండ్రో తల్లో పోతే తీస్తారు. చంద్రప్ప తండ్రి పోయినప్పుడు, రంగప్ప తండ్రి పోయినప్పుడు మీసాలు తీసింది కొండప్పే. ఇంట్లో చావు లేకుండా, కొసలు దిద్దడానికి తప్ప, పై పెదవి మీద కత్తి పెట్టకూడదని అతని తండ్రి పని నేర్పేటప్పుడే చెప్పాడు. ఇప్పుడు చావు లేకుండా తీయాలి. ఎవరిది తీయాలో తేల్చేది ఢిల్లీ ఓటు.

ఓట్లు పడకముందే ఊరు గెలుపు పనుల్లో పడింది. చంద్రప్ప మనుషులు హిందూపురం పోయి టపాకాయలు తెచ్చి పెట్టుకున్నారు. రంగప్ప మీసాన్ని తమలపాకులో పెట్టి, పళ్లెంలో ఉంచి, ఆయన ఇంటి ముందు నుంచే మేళంతో ఊరేగించాలని వాళ్ల ఏర్పాటు. రంగప్ప మనుషుల ఏర్పాటు కూడా అదే, పళ్లేనికి బదులు గాడిద. మేళం మాత్రం ఇద్దరికీ కొండప్పదే. ఓడితే ఏం చేయాలన్నది ఎవరూ గట్టిగా మాట్లాడుకోలేదు. కానీ గడ్డం గీయించుకునేటప్పుడు ఒక్కొక్కరే కొండప్పతో అనేవాళ్లు.

"మా పెద్దాయన మాట ఇచ్చినాడు కాబట్టి కూకుంటాడు. నువ్వు మాత్రం కత్తి పెట్టే ముందు బాగా ఆలోచించుకో కొండా."

ఈ మాట మొదట రంగప్ప బావమరిది అన్నాడు. వారం తిరగకముందే చంద్రప్ప తమ్ముడూ అన్నాడు. ఇద్దరూ గొంతు కింద కత్తి ఆడుతుండగానే అన్నారు. కొండప్ప గడ్డం ముగించి, కత్తి తుడిచి పొదిలో పెట్టుకున్నాడు.

రెండు ఇళ్లలోనూ కూలికి పోయే ఏసుదాసు ఒక్కడే తన ఏర్పాటు దాచుకోకుండా చెప్పాడు. "ఓట్లు లెక్కపెట్టే దినానికి పిల్లోళ్లను తీసుకొని మా అత్తగారూరికి పోతాండా. గలాటా అణిగినాక వస్తా. నువ్వూ రారాదా అన్నా?"

"నువ్వు పోతే ఎవురూ అడగరు. నేను పోతే ఊరంతా అడుగుతాది" అన్నాడు కొండప్ప.

ఫిబ్రవరి మొదట్లో ఎనిమిది గ్రహాలు ఒకచోట చేరుతున్నాయని, లోకం మునిగిపోతుందని దేశమంతా హడలిపోయింది. ఊళ్లో హోమం చేయించారు. ఆ హోమానికి రెండు వీధులవాళ్లూ పక్కపక్కనే కూర్చున్నారు. ఆ మూడు రోజులూ కొండప్ప ఒక్కడే నిమ్మళంగా ఉన్నాడు. గ్రహాలు చేరాయి, విడిపోయాయి, ఏమీ కాలేదు.

"ఏమీ కాల్యా" అన్నాడు కొండప్ప పొద్దున్నే వాకిట్లో నిలబడి.

"కాలేదని ఏడుస్తాండావా? నీ మీసం కోసం లోకమంతా మునగాల్నా?" అంది హనుమక్క.

"నా మీసం అయితే బాధేముండాది."

ఆ వారమే పెనుకొండ పోయాడు. అక్కడ కచేరి దగ్గర హనుమక్క తమ్ముడు ఓబులేసు అద్దం, కుర్చీ పెట్టుకుని షాపు నడుపుతున్నాడు. ఆ ఒక్కరోజు వచ్చి కత్తి పట్టమని కొండప్ప అడిగాడు.

ఓబులేసు నవ్వాడు. "ఏం బావా, మా అక్కను ఇచ్చింది చాలదా, నన్ను గూడా ఇమ్మంటావా?"

"నువ్వు ఆ ఊరోడివి గాదు గదరా. పని చేసి బస్సెక్కి వచ్చేస్తావు."

"వాళ్లు బస్సెక్కి ఈడికి రాల్యారా? మీ రంగప్ప కోర్టు వాయిదాకు వచ్చినప్పుడల్లా ఈ కుర్చీలోనే కూకుంటాడు. పోనీ, నీకు రోగమొచ్చిందని చెప్పు."

"రోగమొస్తే తగ్గిందాకా ఉంటామంటారు."

"అయితే చెయ్యి విరగ్గొట్టుకో."

ఇంకెవరైనా అంటే కొండప్ప నవ్వేవాడు. ఓబులేసు నవ్వకుండానే అన్నాడు. కొండప్ప తిరుగు బస్సులో దారి పొడుగునా కుడిచేతిని చూసుకుంటూ కూర్చున్నాడు. విరగ్గొట్టుకుంటే సన్నాయి కూడా పోతుంది.

పోలింగుకు ముందు రంగప్ప తల్లి నారాయణమ్మ అతన్ని పిలిపించింది. రంగప్ప పుట్టినప్పుడు ఆమెకు కాన్పు చేసింది కొండప్ప తల్లే. ముసలామె మంచం మీద నుంచి లేవకుండానే మాట్లాడింది.

"నేనింకా బతికే ఉండాను గదరా కొండా. నేనుండంగానే నా కొడుకు మీసం తీస్తావా?"

"అవ్వా, నేను తీస్తాననలేదు. వాళ్లే అన్నారు."

"వాళ్లు అంటారు. మగోళ్లు. కత్తి నీ చేతిలో గదా ఉండేది?"

"కత్తి నా చేతిలోనే అవ్వా. చెయ్యి నాది గాదు."

"ఆ మాట నాకు చెప్పొద్దు. నువ్వు తీసిన దినం నేను సచ్చినట్టే. నీళ్లు గూడా ముట్టను" అని గోడవైపు తిరిగి పడుకుంది.

అంతకు ముందు ఎన్నికల్లో ఒక్కొక్క గుర్తుకు ఒక్కొక్క పెట్టె ఉండేది. కాగితం ఒక పెట్టెలోనే వేయాలి. ఈసారి గుర్తులన్నీ ఒకే కాగితం మీద అచ్చువేసి, పక్కన ముద్ర వేయమన్నారు. కొండప్ప బడిలో గుడ్డ తెర వెనక్కు పోయి చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత చంద్రప్ప గుర్తు మీద ఒక ముద్ర, రంగప్ప గుర్తు మీద ఒక ముద్ర గట్టిగా వేసి పెట్టెలో వేశాడు. ఇద్దరికీ వేస్తే తన వల్ల ఎవరూ ఓడిపోరని అతని ఆలోచన. హనుమక్కకు కూడా అట్లే చెప్పి పంపాడు. అట్లాంటి కాగితాన్ని పక్కన పారేస్తారని తర్వాత బడి పంతులు చెప్పాడు.

"అయితే మేము వేసినట్టా, వేయనట్టా సామీ?"

"వేయనట్టే."

లెక్కింపుకు ముందు రోజు కొండప్ప కత్తుల పొది చంకన పెట్టుకుని పెనుకొండ స్టేషన్లో ధర్మవరం రైలెక్కాడు. ధర్మవరంలో చెల్లెలు ఉలిగమ్మ ఉంది. ఆమె మొగుడు పట్టుచీరలు నేసే వీధిలో క్షవరాలు చేస్తాడు. ఉలిగమ్మ బిడ్డకు జబ్బు చేసిందని కబురొచ్చినట్టు ఊళ్లో చెప్పమని హనుమక్కకు చెప్పి వచ్చాడు. ఒక వారం గడిస్తే పందెం పాతబడుతుందని ఆశ. ఎవరో ఒకరు ఓడతారు, వెతుకుతారు, కనపడకపోతే ఇంకెవరి చేతనో తీయిస్తారు, లేదా నవ్వుకుని వదిలేస్తారు.

కాడెద్దులు గెలిచాయి. ధర్మవరంలో రేడియో ఉన్న ప్రతి అంగడి ముందూ జనం మూగారు. కొండప్ప ఆ వార్త విని చెల్లెలి ఇంట్లోకి పోయి గోడకానుకుని కూర్చున్నాడు.

మూడోనాడు మధ్యాహ్నం మగ్గాల చప్పుడు మధ్య ఎవరో తన పేరు అడుగుతుంటే వినిపించింది. వచ్చింది రంగప్ప. ఒక్కడే వచ్చాడు. తెల్లపంచె, భుజాన తువ్వాలు, మీసం అట్లే ఉంది.

"బిడ్డకు ఎట్లుండాది?" అని అడిగాడు.

ఉలిగమ్మ బిడ్డ వీధిలో ఆడుకుంటోంది.

"యాడికి పోయినావప్పా నువ్వు? ఊర్లో ఏమంటాండారో తెలుసా? రంగప్పే దుడ్లిచ్చి కొండప్పను పంపించినాడంట. మీసం కాపాడుకునేదానికి దొంగదావ పట్టినాడంట. పిల్లోళ్లు గూడా నా ఇంటి ముందర అరుస్తాండారు."

"సామీ, నేను అట్ల అనుకోల్యా. మీకు మంచే జరగాలని..."

"ఓడిపోయింది చాలదని మాట తప్పినోణ్ణి గూడా చేసినావు. మీసం పోతే మళ్లీ వస్తాది. ఇది యాడనించి వస్తాది?"

"ఈడనే తీస్తా సామీ. ఇంట్లో, తలుపేసుకొని."

"ఈడ తీస్తే ఎవురు చూస్తారు?"

ఇద్దరూ రైల్లో ఒకే పెట్టె ఎక్కి పెనుకొండ వచ్చారు. దారిలో రంగప్ప శెనక్కాయలు కొని సగం కొండప్పకు ఇచ్చాడు. కొండప్ప తినలేకపోయాడు. వద్దంటే ఏమనుకుంటాడోనని చేతిలోనే పెట్టుకున్నాడు.

మరుసటి ఉదయం చావిడి ముందు ఊరంతా చేరింది. రంగప్ప రాతిబండ మీద కూర్చున్నాడు. చంద్రప్ప మనుషులు పళ్లెంలో తమలపాకు పెట్టుకుని నిలబడ్డారు. రంగప్ప మనుషులు అవతలి వరసలో చేతులు కట్టుకుని కొండప్ప చేతినే చూస్తున్నారు. కొండప్ప నీళ్లతో మీసం తడిపాడు. అలవాటు కొద్దీ వంగి, మెల్లగా అడిగాడు.

"తీయమంటావా సామీ?"

"తొందరగా కానీ" అన్నాడు రంగప్ప.

పని అయిపోవడానికి ఎక్కువసేపు పట్టలేదు. మీసం లేని రంగప్ప ముఖం చూసి మొదట ఒకరు నవ్వారు, తర్వాత ఆగిపోయారు. తండ్రి పోయిన రోజు చూసిన ముఖం అదే. టపాకాయలు పేలాయి గానీ అనుకున్నన్ని పేలలేదు. కొండప్ప సన్నాయి ఊదమంటే ఊదాడు. ఊరేగింపు రంగప్ప ఇంటి ముందుకు వచ్చినప్పుడు లోపల నుంచి నారాయణమ్మ ఏడుపు వినిపించింది. కొండప్ప ఊదడం ఆపలేదు. ఆపమని ఎవరూ చెప్పలేదు.

ముసలామె చావలేదు. రెండు రోజులు పస్తుండి మూడోనాడు గంజి తాగింది. రంగప్ప కొండప్పను ఒక్క మాటా అనలేదు. ఆయన వీధిలో ఎవరూ అనలేదు. గడ్డాలు పెరిగినా కబురు మాత్రం పంపలేదు. సంతకు పోయినప్పుడు పెనుకొండలో ఓబులేసు కుర్చీలో కూర్చుని గీయించుకుని వచ్చేవాళ్లు.

గెలిచిన వీధి ఉందిలే అనుకున్నాడు కొండప్ప. పదిరోజుల తర్వాత చంద్రప్ప పిలిపించాడు. కొండప్ప దవడలు గీశాడు, గొంతు గీశాడు. మీసం కొసలు సరిచేద్దామని కత్తి పైకి తెచ్చాడు. చంద్రప్ప అతని మణికట్టు పట్టుకున్నాడు.

"చాల్లే. ఆడికి రావద్దు."

"కొసలు సామీ. ఎప్పుడూ చేసేదే గదా."

"ఎప్పుడూ చేసేదేలే." చంద్రప్ప చెయ్యి వదల్లేదు. "చావిడి కాడ చూసినా గదా. నీ చెయ్యి వాని మూతి మీద ఎంత సులువుగా పోయిందో. ఎందుకో, మనసొప్పల్యా కొండా."

"మీరిద్దరూ అంటేనే గదా సామీ తీసింది?"

"అవును. మేము అంటేనే" అని తువ్వాలుతో ముఖం తుడుచుకుని లేచాడు.

ఆ మాట వీధిలో పాకింది. ఆ తర్వాత ఆ వీధివాళ్లు కూడా పిలవడం తగ్గించారు. పెళ్లిళ్లకు సోమందేపల్లి మేళం వచ్చింది. కాన్పులకు హనుమక్కను ఇంకా పిలిచేవాళ్లు, ఎందుకంటే కాన్పులు ఆగవు. ఆ ఏడాది కళ్లాల్లో రాగులు కొలిచినప్పుడు ఏ వీధి నుంచీ కొండప్పకు కబురు రాలేదు. అడగడానికి పోయాడు. పని చేయించుకోనిదే వాటా ఎట్లా అన్నారు. ఆ మాటలో తప్పు లేదు.

ఊరికి కత్తి లేకుండా జరగదు. మరుసటి ఎండాకాలం చంద్రప్ప, రంగప్ప చావిడిలో ఎదురెదురుగా కూర్చున్నారు. గట్టు తగాదా మొదలైన తర్వాత ఇద్దరూ ఒక విషయంలో ఒక్క మాట మీదకు రావడం అదే మొదలు. గుడిబండ వైపు నుంచి ఒక కుటుంబాన్ని తెచ్చి, ఊరు ఇచ్చిన ఇల్లు వాళ్లకు ఇవ్వాలని తేల్చారు. కొండప్పను పొమ్మని చెప్పలేదు. ఇల్లు ఎప్పుడు ఖాళీ అవుతుందని మాత్రం అడిగారు.

హిందూపురంలో బెల్లం మండీల దగ్గర ఒక సెలూన్లో కూలికి పని దొరికింది. హనుమక్క గిన్నెలు, గుడ్డలు మూట కట్టింది. వాళ్లు బయలుదేరే రోజే గుడిబండ నుంచి కొత్తవాడు వచ్చాడు. ముప్పై ఏళ్లవాడు, కన్నడం కలిసిన తెలుగు, వెంట కడుపుతో ఉన్న భార్య. కొండప్ప తాళంచెవి ఇచ్చాడు. కప్పు ఎక్కడ కారుతుందో చూపించాడు.

"ఊరోళ్లు ఎట్లాంటోళ్లు అన్నా?" అని కొత్తవాడు అడిగాడు.

హనుమక్క మొగుడి ముఖం వైపు చూసింది.

"మంచోళ్లే" అన్నాడు కొండప్ప. "రంగప్పకు గొంతు కాడ చర్మం మెత్తన, చూసుకొని గియ్యి. చంద్రప్ప కూకున్నాక మాట్లాడతానే ఉంటాడు, తల తిప్పుతాడు. కత్తి బాగా నూరుకో."

"ఇంకేమన్నా ఉండాదా?"

కొండప్ప ఆలోచించాడు. చెప్పడానికి చాలా ఉంది. చెప్పినా ఆ కొత్తవాడు చేయగలిగింది ఏమీ లేదు. మూట నెత్తికెత్తుకుని, బస్సుకు టైమైందని నడిచాడు.