కాలనీ అంతా నా స్కూటీ వెనకే

మా ఆయన శ్రీరాంపూర్‌లో బొగ్గుబావికి పోయే మనిషి. భూమి లోపల అన్నేళ్లు పనిచేసి చిన్న దెబ్బ కూడా తగిలించుకోనివాడు, ఒక ఆదివారం పొద్దున ఇంటి మీది నీళ్ల ట్యాంకు కడగబోయి, నిచ్చెన మీంచి జారి కుడి మోచెయ్యి విరగ్గొట్టుకున్నాడు. కట్టు విప్పాక చూస్తే చెయ్యి వంగడం లేదు. రోజూ మంచిర్యాల వచ్చి వ్యాయామం చేయించుకోవాలన్నారు డాక్టరు. పిల్లలిద్దరూ హాస్టళ్లలో ఉన్నారు. వాకిట్లో స్కూటీ ఉంది గానీ నడిపేవాళ్లు లేరు. నాకేమో నలభై దాటాయి, సైకిల్ కూడా ఎక్కి ఎరగను.

మొదట్లో ఎదురింటి కాక తన బండి మీద తీసుకుపోయాడు. బావిలో పనిచేసి రిటైరైన మనిషి, ఇంట్లో ఊరికే కూర్చోలేడు. ఆయనకు వీలుకాని రోజున మా వీధి చివరి చర్చి అయ్యగారు కారులో దించి వచ్చారు. పక్కింటి పెద్దమ్మ పూటపూటా ఏదో ఒక కూర పంపేది. వాళ్ల మంచితనం చూస్తుంటే నాకు మొహమాటంగా ఉండేది. ఆపదొచ్చినా ఎవరినీ ఏదీ అడగకుండా నెట్టుకొచ్చే రకాన్ని నేను. ఒక సాయంత్రం ఆగలేక పెద్దమ్మతో అనేశాను.

"రోజూ మందిని ఎట్ల అడుగుదు పెద్దమ్మా? సిగ్గయితుంది."

"అడిగితే సిగ్గేంది? అడగకుంటెనే మాకు కోపమస్తది," అందామె. మళ్లీ తనే, "గంత ఇదైతే నువ్వే బండి నేర్సుకోరాదూ? పట్టుకోనీకి మేం లేమా?" అంది.

నేను నవ్వేశాను. ఆమె నవ్వలేదు. మర్నాడు సాయంత్రానికల్లా స్కూటీ చర్చి వెనక మైదానంలో ఉంది. దాని మీద నేను, గట్టిగా కళ్లు మూసుకుని.

నేర్పే బాధ్యత అయ్యగారి భార్య తీసుకుంది. మేమంతా అమ్మగారు అంటాం, వయసులో మాత్రం నాకంటే చిన్నది. ఆ వీధిలో స్కూటీ నడిపే ఆడమనిషి ఆమె ఒక్కతే. "అక్కా, ముందుగాల కండ్లు తెరువు," అంది. అదే నా మొదటి పాఠం.

అమ్మగారు ఒక పక్క, పెద్దమ్మ ఒక పక్క పట్టుకుని పరుగెత్తడం మొదలుపెట్టారు. పెద్దమ్మ చీర కుచ్చిళ్లు బొడ్లో దోపింది. కాక మైదానం మధ్య నిలబడి ట్రాఫిక్ పోలీసులా చేతులు ఊపుతున్నాడు. మా ఆయన గోడ మీద కూర్చుని బాగున్న చెయ్యి ఎత్తి అరుస్తున్నాడు.

"ఎదురుంగ సూడే! కిందికి సూడకు!"

"బిడ్డా, జర ఎడమకు! నీ ఎడమకు, నా ఎడమకు కాదు!" అని కాక.

నేనేమో సిరిసిల్లలో మరమగ్గాల చప్పుడు మధ్య పెరిగినదాన్ని. మా ఇంట్లో మామూలు మాట అంటేనే అరుపు. ఇక భయపడి అరిస్తే ఎలా ఉంటుంది! నా కేకలకు వీధి వీధంతా మైదానానికి వచ్చేసింది. రెండో రోజు వచ్చినవాళ్లు కుర్చీలు కూడా తెచ్చుకున్నారు. నేను పడ్డ ప్రతిసారీ లేపడానికి పోటీ. ఒకసారి పడి, నేను పెద్దమ్మ మొహం చూసి, ఆమె నా మొహం చూసి, ఇద్దరం దుమ్ములో కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వాం. చిన్నతనం దాటాక మళ్లీ ఎప్పుడు అంత నవ్వానో నాకు గుర్తు లేదు.

అలా ఒక శనివారం సాయంత్రం, చర్చిలో పాటల సాధన జరుగుతోంది. నేను రెండు పక్కలా మనుషులున్నారన్న ధైర్యంతో పోతున్నాను. ఎంతకీ పెద్దమ్మ ఆయాసం వినిపించదే! తల తిప్పి చూస్తే ఇద్దరూ ఎక్కడో వెనక నిలబడి చప్పట్లు కొడుతున్నారు.

"వదిలిపెట్టిండ్రా!" అని అరిచాను.

"ఎప్పుడో ఇడిసినం! పో, పో!"

నేను పోతున్నాను. ఒక్కదాన్నే! గాలి చెవుల్లో హోరుమంటోంది, కొంగు రెపరెపలాడుతోంది. మైదానం ఒక చుట్టు తిరిగాను, ఇంకో చుట్టు తిరిగాను. నా కేకలు విని పాడేవాళ్లు డోలక్‌తో సహా బయటికొచ్చి, నేను దగ్గరికొచ్చినప్పుడల్లా దంచి వాయించారు. "బిరేక్ వట్టే!" అని మా ఆయన మొత్తుకుంటున్నాడు. బ్రేకు ఎక్కడుందో నాకు తెలుసు. కానీ ఆపబుద్ధి కాలేదు.

ఇంకొన్నాళ్లు ప్రాక్టీసు చేసి, లైసెన్సు చేతికొచ్చాక మంచిర్యాల బయలుదేరాం. బొగ్గు లారీలు తిరిగే రోడ్డని నన్ను ఒంటరిగా పంపడానికి ఎవరూ ఒప్పుకోలేదు. ముందు అమ్మగారి స్కూటీ, వెనక కాక బండి, మధ్యలో మేము. ఊరేగింపులా ఉందని మా ఆయన నా వెనక కూర్చుని ఒకటే నవ్వు. ఆసుపత్రి గేటు దగ్గర సరిగ్గా ఆపి, దిగి, హెల్మెట్ తీసేసరికి కాక కళ్లు తడిగా ఉన్నాయి.

"దుమ్ము వడ్డది," అన్నాడు.

"అందరం గదే దుమ్ముల వచ్చినం గద కాకా," అన్నాను. ఆయన గట్టిగా నవ్వేశాడు.

మా ఆయన చెయ్యి నెమ్మదిగా వంగింది. ఇప్పుడు బరువులు కూడా ఎత్తుతున్నాడు. నాకు మాత్రం తీరిక లేదు. పక్క వీధిలో అంగన్‌వాడీ ఆయమ్మ మొన్న వచ్చి, గుమ్మం దగ్గరే నిలబడి, గోడకేసి చూస్తూ, "అక్కా, నాకు గూడ నేర్పుతవా? అడగాలంటె జర సిగ్గయితుంది," అంది. పెద్దమ్మను కేకేశాను. ఇద్దరం చీరలు దోపుకున్నాం. ఆ అమ్మాయి బండి నన్ను మించి వంకర్లు పోతోంది. పెద్దమ్మ అటు, నేను ఇటు పట్టుకుని, నవ్వు ఆపుకోలేక రోజూ సాయంత్రం పరుగెడుతున్నాం.