డిస్కు లేని ల్యాప్‌టాప్‌లో రేణుక

దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే లేచి వెళ్ళిపోయే రకం నేను. బళ్ళారి గాంధీనగర్‌లో కంప్యూటర్లు బాగుచేసే అంగడి నాది. యంత్రం పాడైతే దానికో కారణం ఉంటుంది, వెతికితే దొరుకుతుంది. నాకు తెలిసింది అంతే.

పోయిన ఎండాకాలం కురుగోడు నుంచి హనుమంతప్ప అనే ట్రాక్టరు డ్రైవరు ఒక ల్యాప్‌టాప్‌ను తువ్వాలులో చుట్టుకుని తెచ్చాడు. డిగ్రీ చదివే ఆయన కూతురు రేణుకది. స్కూటీ అదుపు తప్పి కాలువలో పడి ఆ పిల్ల చనిపోయింది. ఫోను కూడా నీళ్ళలోనే పోయింది. పెద్దయ్యాక దిగిన ఫోటోలన్నీ ఇందులోనే ఉన్నాయట. గోడకు తగిలించడానికి ఇంట్లో ఒక్క పటం కూడా లేదన్నాడు.

ఆన్ చేస్తే నల్లటి తెర మీద ఒకటే తెల్లటి వాక్యం: బూట్ అయ్యే డిస్కు ఏదీ లేదు. నాకు చేతనైందంతా చేశాను. డేటా వెలికితీసేవాళ్ళకు బెంగళూరు పంపితే, డిస్కు లోపలి పళ్ళెం గీసుకుపోయింది, ఇక ఏమీ రాదని తిప్పి పంపారు.

ఆ మాట ఆయనకు ఎలా చెప్పాలో తోచక, యంత్రం ఎలా లేస్తుందో చెబుతూ కూర్చున్నాను. స్విచ్ నొక్కగానే ముందు బోర్డు మీదున్న చిన్న చిప్పులోని ప్రోగ్రాం మేలుకుంటుంది. కంప్యూటరును నడిపే విండోస్ దాని దగ్గర ఉండదు. డిస్కులో, పెన్‌డ్రైవ్‌లో, నెట్‌వర్క్‌లో వరసగా వెతుక్కోవాలి. దొరికితే మెమరీలోకి ఎక్కిస్తుంది. దొరక్కపోతే ఆ తెల్లటి వాక్యమే.

ఇక ఏమీ రాదని ఆయనకు నమ్మకం కలగాలని, ఊడదీసిన డిస్కును ఆయన చేతిలోనే పెట్టి, ఖాళీ ల్యాప్‌టాప్ స్విచ్ నొక్కాను.

చుక్కలు గుండ్రంగా తిరిగాయి. తెర వెలిగింది. రేణుక పేరు. పైన గుండ్రటి చట్రంలో ఆ పిల్ల ఫోటో, కింద పాస్‌వర్డ్ అడిగే గడి.

హనుమంతప్ప చేతిలో డిస్కు అలాగే ఉంది. పెన్‌డ్రైవ్ లేదు, నెట్ వైరు లేదు.

"ఈడ ఏమో అడుగుతాండాది. ఏం కొట్టల్లప్పా?" అన్నాడు మెల్లగా.

నాకేం తెలుసు? ఆయనకూ తెలియదు. ఊరి పేరు కొట్టాను, వాళ్ళమ్మ పేరు కొట్టాను. తప్పు అంది. కనీసం ఆ ఫోటోనైనా తీసుకుందామని ఫోను కోసం వెనక్కి తిరిగేలోపు తెర నల్లబడింది.

తర్వాత ఎన్నిసార్లు నొక్కినా అదే వాక్యం. బోర్డంతా విప్పి చూశాను. విండోస్ ఉండగలిగే ఇంకో చోటు అందులో లేదు. మెమరీలో మిగిలిందేమో అనుకోవడానికి లేదు, కరెంటు పోతే అదంతా తుడిచిపెట్టుకుపోతుంది. తెలిసిన ఇంజనీరుకు చెబితే, ఎండ దెబ్బ తగిలిందేమో చూపించుకోమన్నాడు.

బళ్ళారి వచ్చినప్పుడల్లా హనుమంతప్ప అంగడికి వచ్చి ఇంకో తూరి నొక్కమనేవాడు. వానలు పడే రోజుల్లో ఆ బోర్డు కూడా కాలిపోయింది. ఇక దీని కోసం రావద్దని నచ్చజెప్పాను.

ఆయన ఆ ల్యాప్‌టాప్‌ను మళ్ళీ తువ్వాలులో చుట్టుకున్నాడు.

"పాప ముఖం రానురానూ మరిచిపోతాండానప్పా," అన్నాడు. "నువ్వూ సూసినావు కదా. ఎట్లుండె, చెప్పు."

గుర్తున్నంత చెప్పాను. ఆ ఫోటో తెర మీదికి ఎక్కడి నుంచి వచ్చిందని మాత్రం ఆయన అడగలేదు.