మా కాలనీ మంచినీళ్ల వెబ్‌సైటు

మొన్న క్యాన్ నీళ్ల ఆటో కోసం వీధి చివర నిలబడి, పొద్దుపోక ఫోను తీసి మా కాలనీ వెబ్‌సైటు పేరు కొట్టాను. వచ్చింది మా కాలనీ కాదు. పేకాట ఆడి లక్షలు గెలవమని పిలుస్తూ, కోటు వేసుకున్న ఒక నవ్వు మొహం వచ్చింది. పక్కన బిందె పెట్టుకుని నిలబడిన ముసలామె తొంగిచూసి, "ఎవురప్పా ఆ నవ్వేటోడు?" అని అడిగింది. "మన కాలనీలో కొత్తగా దిగినోడు లేమ్మా," అన్నాను. గడువు తీరిన సైటు పేరును ఎవరైనా కొనుక్కోవచ్చునని తర్వాత మా అల్లుడు చెప్పాడు. అల్లుడంటే కూతురి మొగుడు కాదు, మా చెల్లెలి కొడుకు. ప్రొద్దుటూరులో ఇంట్లో కూర్చుని బెంగుళూరు కంపెనీకి వెబ్‌సైట్లు తయారుచేసే పని వాడిది. మా కాలనీకి ఆ సైటు కట్టినవాడూ వాడే.

మా ఊరు జమ్మలమడుగు దగ్గరి పల్లె. రిజర్వాయరు కింద పోయింది. మమ్మల్ని తెచ్చి ఒక గుట్ట పక్కన, అన్నీ ఒకే కొలతగా గీసిన ప్లాట్లలో పెట్టారు. ఊరేమో నిలువెత్తు నీళ్ల కింద ఉంది, ఊరి జనమేమో నీళ్ల కోసం రోడ్డు మీద ఉన్నారు. దీన్ని చూసి నవ్వేవాళ్లను నేనేమీ అనను, నాకే ఒక్కోసారి నవ్వొస్తుంది. కాలనీ బోరు నీళ్లు ఉప్పన, పైగా ఫ్లోరైడు. పప్పు ఉడకదు, పిల్లల పళ్లు గారపట్టాయి, మా చెల్లెలు రెండు మోకాళ్లూ పట్టుకుని గానీ లేవలేదు. గుట్ట అవతల పోయే మంచినీళ్ల పైపులైను నుంచి మాకూ ఒక పైపు లాగమని అర్జీల మీద అర్జీలు ఇచ్చాం. అవి ఏ బీరువాలో నిద్రపోయాయో ఎవరికీ తెలియదు.

తల్లి నడక చూడలేక మా అల్లుడు ఈ పనికి దిగాడు. "అర్జీ అయితే లోపలికి పోతాది మామా. ఇది అందరికీ కనపడే గోడ. ఎవురైనా చూడాల్సిందే," అన్నాడు. కాలనీ పటం గీసి, ఇంటికొక చుక్క పెట్టాడు. మంచినీళ్లు లేని ఇల్లు ఎర్ర చుక్క. నీళ్లొచ్చిన రోజు ఆ ఇంటివాళ్లే నొక్కితే ఆకుపచ్చ అవుతుంది. "ఆఫీసోళ్ల చేతికిస్తే తెల్లారేసరికి అంతా పచ్చ చేసేస్తారు. అందుకే ఇంటోళ్ల చేతిలో పెట్టినా," అని మురిసిపోయాడు. ప్రతి చుక్క కిందా ఒక మాట రాసుకోవచ్చు. నేను బండల ఫ్యాక్టరీలో పనిచేస్తూ, నలభై దాటాక అక్షరాలు దిద్దినవాణ్ణి. సుద్దముక్కను ఉలి మాదిరి పట్టుకుంటావని సాయంత్రం బడిలో అయ్యవారు నవ్వేవాడు. అంత తంటాలు పడి నేర్చుకున్నందుకేమో, రాసిన మాటంటే నాకు కొంచెం భయం, కొంచెం మొండితనం. "ఉప్పు నీళ్లు. తాగి చూసి మాట్లాడండి" అని రాశాను. "సార్లకు కోపం వస్తాది మామా," అన్నాడు వాడు. "వస్తే రానీరా, కోపానికి నీళ్లు తాగుతారు," అన్నాను.

పటం మొత్తం కళ్లంలో ఆరబోసిన మిరపపళ్ల మాదిరి ఎర్రగా అయింది. పేపరువాళ్లు దాన్ని ఫోటో వేశారు. ఆ తర్వాత నీళ్ల ఆఫీసు నుంచి ఒక చిన్న ఇంజనీరు వచ్చాడు. పిల్లవాడు మంచివాడే. ఎండలో మొహం కమిలిపోతున్నా వీధి వీధీ టేపు పట్టి కొలిచాడు. గడపకొచ్చిన మనిషిని ఊరికే పంపే అలవాటు మా జనానికి లేదు. మంచం వాల్చారు, మజ్జిగ ఇచ్చారు. అదీ బోరు నీళ్లతో కాదు, అతని నోటికి ఉప్పు తగలకూడదని కొన్న క్యాన్ నీళ్లతో కలిపిన మజ్జిగ. "బోరు నీళ్లే పోసియ్యి, తెలుస్తాది ఆయప్పకు," అన్నాను నా భార్యతో. "నీకు బండలతో పనిచేసి బండమాటలే వచ్చినాయి," అని లోపలికి పోయింది. అతను తాగి, మూతి తుడుచుకుని, "వచ్చే ఎండాకాలానికి మీకు నీళ్లొస్తాయమ్మా," అన్నాడు.

ఆ సాయంత్రమే అల్లుడు ఫోను చేశాడు. గొంతులో సంతోషం ఆగడం లేదు. "మామా! నీళ్లొచ్చినాయంట గదా! మా యమ్మ చెప్పనే లే!"

"యాడొచ్చినాయిరా? మజ్జిగ తాగినోడు పోయినాడు, అంతే."

"పటం చూడు మామా," అన్నాడు. నేను ఫోనులో పటం చూశాను. వీధులకు వీధులు పచ్చగా ఉన్నాయి. మా చెల్లెలి ఇల్లు కూడా. నా భార్య నా ఫోను కోసం చేయి చాచి నిలబడి ఉంది.

"నీళ్లొచ్చినాయా ఏమ్మే?" అన్నాను.

"వస్తాయన్నాడు గదా. మనింట్లో మజ్జిగ తాగిన పిల్లోని మీద ఇంగా ఎర్రగా పెట్టుకుంటే ఏం మర్యాద?"

"మర్యాద తాగి పండుకో," అని ఫోను జేబులో వేసుకున్నాను. మా ఇల్లొక్కటే ఎర్రగా మిగిలింది.

అల్లుడు వచ్చి, మళ్లీ ఎర్రగా పెట్టమని ఇల్లిల్లూ తిరిగి బతిమాలాడు. పెట్టినదాన్ని తీసేస్తే ఆ పిల్లవాడి మొహం ఎట్లా చూడాలని అందరిదీ ఒకటే మాట. "నువ్వే అన్నీ ఎర్ర చేసెయ్‌రా," అన్నాను. "ఒక్క నిమిషం పని మామా. కానీ నేను చేస్తే అది నా గోడ అయిపోతాది, వాళ్లది కాదు," అన్నాడు. చదువుకున్నవాడి పట్టింపు అది. తప్పని ఇప్పటికీ అనలేను.

ఎండాకాలం వచ్చింది, నీళ్లు రాలేదు. అల్లుడూ నేనూ ఆఫీసుకు పోయాం. పెద్ద సారు మర్యాదగానే కూర్చోబెట్టాడు. కంప్యూటరు మావైపు తిప్పి, "ఇది మీ సైటే కదయ్యా? నీళ్లొచ్చాయని మీ వాళ్లే పెట్టారు. మీకనుకున్న పైపును ఇంకా అవసరమున్న ఊరికి రాసేశాం," అన్నాడు. ఎర్ర చుక్క మీద వేలు పెట్టి, "ఈ ఒక్క ఇల్లు ఎవరిది?" అని అడిగాడు. "నాదే," అన్నాను. ఊరికొక తగువులమారి ఉంటాడని తెలిసినవాడిలా తలాడించాడు. తిరుగు దారిలో అల్లుడు బండి ఆపి, రోడ్డు పక్కన కూర్చుని, "బంగారం అంగడోళ్లకు శానా సైట్లు చేసినా మామా. గాజులు చేతికి రాకముందే వచ్చినాయని యాడా ఎవురూ నొక్కలే," అన్నాడు. నవ్వుతున్నాడనుకుని చూశాను. నవ్వడం లేదు.

ఆ తర్వాత వాడు సైటు జోలికి పోలేదు, దాని పేరుకు కట్టాల్సిన డబ్బూ కట్టలేదు. ప్రొద్దుటూరులో తన పని చేసుకుంటూ, వచ్చినప్పుడల్లా తల్లికి మోకాళ్ల మందు, రెండు క్యాన్ల నీళ్లు తెస్తాడు. ఆ ఇంజనీరు బదిలీ మీద పులివెందుల వైపు పోయాడంటారు. ఇప్పటికీ మా వీధిలో ఆడవాళ్లు అతని మాటొస్తే, మంచి పిల్లోడు, చెప్పినాడంటే చేస్తాడు అంటారు. వింటూ కూర్చుంటాను. ఇంకా రాని నీళ్లు వచ్చాయని మా చేత్తో మేమే రాసుకున్నాం. ఇక మా దగ్గరికి రావడానికి వాటికి తొందరేముంటుంది?