ఎవరి గ్లాసు వారిదే

సూరత్‌లో ప్లేగు వచ్చిందని రేడియో చెప్పింది. రాయపూర్‌లో పంటి నొప్పి వచ్చిందని ఏ రేడియో చెప్పలేదు. అది నా కుడి దవడ చెప్పింది.

మా ఊళ్ళో ఒక్కడికీ ప్లేగు తగిలినట్టు నేను వినలేదు. భయం మాత్రం బొంబాయి వైపు నుంచి వచ్చే ప్రతి బండిలోంచీ టిక్కెట్టు లేకుండా దిగేది. మందుల షాపుల్లో టెట్రాసైక్లిన్ మాయమైంది. రోజూ మురుక్కాలవలో చెత్త కుమ్మరించే పెద్దమనుషులు ముక్కుకు రుమాలు కట్టుకుని మరీ కుమ్మరించడం మొదలుపెట్టారు. శుభ్రత అంటే అదే కాబోలు. అయిదో తరగతితో బడి మానేసి, రైల్వే ఇన్‌స్టిట్యూట్ లైబ్రరీలో చదువుకున్నవాణ్ణి, నాకేం తెలుస్తుంది!

నా మేనల్లుడు పళ్ళ డాక్టరు. దేవేంద్ర నగర్‌లో అద్దె ఇల్లు. ముందు గదిలో దవాఖానా, వెనక గదుల్లో సంసారం, మధ్యన ఒక్క తలుపు. ఆ తలుపు వెనక నెల కూడా నిండని ఆడపిల్ల. అంతకు ముందు రెండు కానుపులు దక్కలేదు. అందుకే వార్త విన్ననాడే మావాడు దవాఖానాకు తాళం వేశాడు. పదిమంది చేత నోరు తెరిపించి బతికేవాడు, తెరిచిన నోట్లోంచి ఏం వస్తుందోనని జంకితే ఎవరు తప్పు పడతారు? నేను పట్టాను. వాచింది నా దవడ కదా.

"ఒరే, లవంగాలు నమిలి నమిలి నా నోరు మసాలా డబ్బా అయింది. పీకుతావా, పట్టకారు నన్నే పట్టుకోమంటావా?"

"మావయ్యా, నీకొక్కడికి తీస్తే రేపు అభన్‌పూర్ నుంచి వచ్చే చిన్న రైలుబండి దిగిన వాళ్ళంతా ఇక్కడే లైను కడతారు. లోపల పిల్ల ఉంది."

లోపలి నుంచి కోడలి గొంతు వచ్చింది. విజయనగరం పిల్ల, మాట పడదు.

"తెరవండి. మూసుకుని ఎన్నాళ్ళు కూకుంటారు? కానీ మైల ఇప్పుడు మీది. పురిటి మైలని అత్తయ్యగారు నాకు ఏరే కంచం, ఏరే చాప ఏసి, నన్ను ముట్టుకున్నోళ్ళందరి చేతా తానాలు చేయించారు కదా? ఇక మీ వంతు. పని అయ్యాక పెరట్లో వేణ్ణీళ్ళ తానం, బట్టలు అక్కడే బాల్చీలో. అప్పుడే పిల్లని ముట్టుకోవాలి. ఏ ఒక్కటి తప్పినా ఈ తలుపు తియ్యను."

మైల, మడి అనే మాటలు వింటే నాకు ఒళ్ళు మండుతుంది. వాటి మీద మా అక్కతో జీవితమంతా పోట్లాడినవాణ్ణి. అలాంటిది గోడ మీద అద్దం కట్టించిన పట్టా చెప్పలేని జాగ్రత్త ఆ పురిటి గది చెప్పింది. ఒప్పుకోక తప్పలేదు. దవడ వాచినప్పుడు సిద్ధాంతాలు కొంచెం వంగుతాయి.

దవాఖానా తెరిచారు. కుర్చీని కిటికీ పక్కకు జరిపారు. వచ్చినవాళ్ళు వరండాలోనే కూర్చోవాలి. దగ్గేవాళ్ళను గుమ్మం దగ్గరే ఆపి పెద్దాసుపత్రికి పంపాలి. మావాడు ముక్కూ మూతీ గుడ్డతో బిగించి కట్టుకున్నాడు. పట్టకార్లు, సూదులు, నోట్లో పెట్టే చిన్న అద్దం, అన్నీ ప్రెషర్ కుక్కర్లో. అది విజిల్ వేసినప్పుడల్లా వరండాలోంచి ఎవరో ఒకరు, "డాక్టరుగారూ, పప్పేనా, చారు కూడా ఉందా?" అనేవారు.

మొదటి వంతు నాదే. కానీ మా వీధి రిటైర్డు గార్డుగారు నన్ను దాటుకుని వెళ్ళి కుర్చీలో కూర్చున్నారు. సిగ్నల్ లేకుండా బండి కదిలించడం సర్వీసులో ఉండగా కుదరలేదేమో, పాపం. ఆయనకు రెండు పళ్ళు తీయాలి. సూది వేశారు, పెదవి మొద్దుబారింది, ఒకటి ఊడింది. పక్కనే స్టాండు మీద స్టీలు గ్లాసులో నీళ్ళు.

"పుక్కిలించండి" అన్నాడు మావాడు.

"మేం ఎంగిలి చెయ్యమండీ, ఎత్తి పోసుకుంటాం" అని గార్డుగారు గ్లాసు పైకెత్తారు. మొద్దుబారిన పెదవికి ఆచారం ఏం తెలుసు? నీళ్ళు గడ్డం మీదా, చొక్కా మీదా, చెప్పుల్లోకీ. రెండోసారి చుట్టూ చూసి, గ్లాసు అంచు చక్కగా పెదాల మధ్య పెట్టుకుని, పుక్కిలించి, నెత్తుటి నీళ్ళు ఉమ్మి, ఏమీ ఎరగనట్టు గ్లాసు మళ్ళీ స్టాండు మీద పెట్టారు.

మధ్య తలుపు సందులోంచి కోడలు చూస్తూనే ఉంది.

"ఏవండీ! ఆ గ్లాసు కుక్కర్లోకి ఎల్తందా?"

వెళ్ళదు. అన్నీ ఉడికించాం, గ్లాసు తప్ప. మన ఇళ్ళలో గ్లాసును పెదవి తాకదు కదా! ఎత్తి పోసుకునే జాతి. తాకనిదానికి మైల ఏమిటి, ఒక్కసారి తొలిపితే చాలదూ? ఈ నమ్మకం మావాడి చదువు కన్నా పాతది. నా లైబ్రరీ కన్నా పాతది.

"ఇవాళ్టికి బంద్" అంది. తలుపు గడియ పడింది. గార్డుగారికి ఒక పన్ను మిగిలింది. నాకు మొత్తం దవడే మిగిలింది.

మర్నాడు గుమ్మం మీద హిందీలోనూ తెలుగులోనూ బోర్డు పెట్టారు: ఎవరి గ్లాసు వారే తెచ్చుకోవాలి. వరండా భగ్గుమంది.

"మా గ్లాసు మేం మోసుకు రావాలా?" అన్నారు గార్డుగారు. "మాకేటి తక్కువ? మేమేమైనా..." అని ఆగారు.

"ఆ మాట పూర్తి చెయ్యండి, గార్డుగారూ" అన్నాను.

"మీకెందుకండీ? మీ దవడ మీరు చూసుకోండి!"

ఆయన మింగిన మాట అందరికీ తెలుసు. ఆయన పెరటి గోడ మీద ఒక అల్యూమినియం గ్లాసు ఉండేది. దొడ్లు కడిగే ఆమె కోసం. దాంట్లో పైనుంచి టీ పోసేవారు. ఆమె తాగి, కడిగి, మళ్ళీ గోడ మీద పెట్టేది. అలాంటి గోడలు మా వీధిలో చాలానే ఉండేవి. ఆ గ్లాసులు అక్కడ ఉండటం ఎవరికీ అవమానం అనిపించలేదు. తమ గ్లాసు తాము సంచిలో వేసుకు రమ్మంటే మాత్రం వంశప్రతిష్ఠ నేల రాలింది.

నేను మా ఆవిడ పేరు చెక్కిన గ్లాసు పట్టుకుపోయి పన్ను పీకించుకున్నాను. తర్వాత వరండా ఖాళీ. బోర్డు తీసేద్దామని మావాడు గొణిగాడు.

"తియ్యండి. మీరూ ఆ ముందు గదిలోనే పడుకోండి" అంది కోడలు.

అప్పుడు వచ్చింది ఆ దొడ్లు కడిగే ఆమె. బుగ్గ బూరెలా పొంగి ఉంది. చేతిలో గోడ మీది గ్లాసు.

"ఏ మోర్ గిలాస్ ఆయ్, డాక్టర్ బాబూ. కోనో నఇ ఛువయ్" అంది. ఇది నా గ్లాసే, ఎవరూ ముట్టుకోరు అని.

నిజమే. ఊరంతటిలోనూ మరొకరి నోరు తగలని గ్లాసని ప్రమాణం చేసి చెప్పగలిగింది అదొక్కటే. ఏళ్ళ తరబడి అంత శుభ్రంగా కాపాడినందుకు గార్డుగారికి మునిసిపాలిటీ వారు సన్మానం చేసి ఉండాల్సింది. మావాడు ఆమెను కూర్చోబెట్టి పన్ను తీశాడు. ఆమె గ్లాసు దర్జాగా పెదాలకు ఆనించుకుని పుక్కిలించింది.

రెండో పన్ను సలిపిన రోజు గార్డుగారూ వచ్చారు. రెగ్జిన్ సంచిలో, పాత పేపరు చుట్టి, నాటుసారా తెచ్చినవాడిలా అటూ ఇటూ చూస్తూ గ్లాసు బయటికి తీశారు. ఆ వెనకే మిగతా వీధి. అందరి సంచుల్లోనూ పేపరు చుట్టిన గ్లాసులే. ఎవరూ ఎవరి సంచి వంకా చూడలేదు.

ఆ సాయంత్రం మావాడు దవాఖానా కట్టేసి, పెరట్లో వేణ్ణీళ్ళు పోసుకుని, తడి తలతో మధ్య తలుపు తట్టాడు. కోడలు గడియ తీసింది. అతని చేతులు ముందుకూ వెనక్కూ తిప్పించి చూసి, పిల్లను వాటిలో పెట్టింది. డెట్టాల్ వాసనకు ఆ పిల్ల మూతి ముడిచి ఇల్లు ఎగిరేలా గుక్కపట్టి ఏడ్చింది. వాడు హడలిపోయి తిరిగి ఇచ్చేయబోయాడు.

"ఉండనీండి" అంది కోడలు. "ఏడుపేగా, దగ్గు కాదుగా."