పైముక్క చిరిగిన చిట్కా

వీధి వీధంతా ఆమెను పొట్లాల వదిన అంటుంది. దుకాణం నుంచి పప్పు రాగానే డబ్బాలో పోసేసి, పొట్లం కట్టిన పాత పత్రిక కాగితాన్ని మోకాలి మీద అరచేత్తో సాపు చేసుకుని, కూడబలుక్కుంటూ చదువుతుంది. ఇంటి చిట్కా కనబడితే వంటింటి మేకుకు గుచ్చుతుంది. సాయంత్రంలోగా చేసి చూడందే ఊరుకోదు. మొన్నొక కాగితం పైముక్క చిరిగి వచ్చింది. "పుల్లటి పెరుగు పట్టించి, ఆరాక తడిగుడ్డతో తుడిస్తే అద్దంలా మెరుస్తుంది" అని మాత్రం మిగిలింది. ఏది మెరుస్తుందో లేదు. మర్నాడు వియ్యంకుడింటికి వెళ్లాల్సిన భర్త బట్టతల, పాపం, అప్పుడే ఆమె కంటబడింది. ఆయన వద్దు వద్దంటున్నా కూర్చోబెట్టి పట్టించింది.

వెళ్లొచ్చిన ఆయన ముఖం కూడా మెరుస్తోంది. "బావగారు తలకేం రాస్తున్నావని గుచ్చి గుచ్చి అడిగాడే. నేను చెప్తానా?"

వారం తిరక్కుండా మెంతుల పొట్లంలో పైముక్క దొరికింది. అంచులు సరిగ్గా అతికాయి. ఆయనే పైకి చదివాడు: "పాత తోలు చెప్పులకు..."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అంటే నా తల నీకు చెప్పులా కనబడిందా?"

"ఏ తోలైనా తోలేగా. మెరిసిందా, లేదా?"

ఆయన తల తడుముకుని, రెండు ముక్కలనూ కలిపి మేకుకు గుచ్చాడు.

"పెరుగేమైనా మిగిలిందా?"