జానెడు దిగిన మన్ను

కోకాపేటలో ఒక పెద్ద భవనం ఐదో అంతస్తు మీద ఓ తోట ఉంది. అక్కడ నాలుగు ఎత్తు తొట్లలో ఒక్కో ద్రాక్ష తీగ. తొలి కాపు. పండడానికి ఇంకా పది రోజులు పడుతుంది. తోటమాలి నర్సయ్యకు మాత్రం వారంగా ముద్ద దిగడం లేదు. తొట్లలో మన్ను జానెడు కుంగి, వేళ్లు ఎండకు తేలాయి.

నర్సయ్య ద్రాక్షతోటల్లో పెరిగినవాడు. నగరం చుట్టూ ఒకప్పుడు పందిళ్లే పందిళ్లు. మిట్టమధ్యాహ్నం వాటి కింద కునుకు తీసేవారు. ఇప్పుడు ఆ చోట కార్లు కునుకు తీస్తున్నాయి. సరే, అది వేరే కథ. అక్కడ నేల నేలే, ఎక్కడికీ పోదు. ఇక్కడ స్లాబు బరువు మోయదన్నారని కొబ్బరిపొట్టు, పెంట ఎరువు ఎక్కువ కలిపాడు. అవి మాగేకొద్దీ దిగుతాయని తట్టలేదు.

"ఇంకా చూస్తావేంటి నర్సయ్యా? నాలుగు బస్తాల మట్టి పైన కుమ్మరించెయ్," అన్నాడు సొసైటీ కార్యదర్శి చలపతిరావు. "పిల్లల చేత కోయిస్తానని అందరికీ చెప్పేశానయ్యా!"

"మొదలు మునిగితే కుళ్తది సారూ. జర ఆగున్రి."

"ఆగితే ఎండుతుంది కదా?"

రెండూ నిజమే. అదే నర్సయ్య దిగులు.

ఆయన వెళ్లాక మొదటి తొట్టిలో వేళ్ల కిందికి చెయ్యి పోనిచ్చాడు. మణికట్టు దాకా ఖాళీ! మన్ను దిగింది, చెట్టు దిగలేదు. నాటినప్పుడు పాత తోట అలవాటు కొద్దీ తీగను పైనున్న పందిరి వైరుకు తానే బిగించి కట్టాడు. ఇప్పుడది ఉట్టిలా వేలాడుతోంది.

ఊడవడానికి వచ్చిన యాదమ్మ ఆగింది. "ఏందన్నా, బస్సు తప్పినోని లెక్క నిలవడ్డవ్?"

"నేనే ఉట్టి కట్టిన యాదమ్మా. ముడి ఇప్పితే గుత్తులు రాల్తయేమో, ఇప్పకుంటే చెట్టే పోతది."

"నేను పట్టుకుంట, నువ్వు ఇప్పు. పరేషాన్ గాకు."

ఆమె చీపురు పక్కన పెట్టి మొదలును రెండు చేతులా పట్టుకుంది. నర్సయ్య ఒక్కో ముడినీ వదులు చేశాడు. తీగ వేలెడు దిగింది. ఆగారు. మళ్లీ వేలెడు. నాలుగు పచ్చికాయలు టపటపా రాలాయి. గుత్తులు ఊగి, నిలిచాయి.

జారుగా కలిపిన ఎర్రమన్ను పక్కల నుంచి పోసి, కర్రతో సుతారంగా పొడుస్తూ వేళ్ల కింది ఖాళీ నింపాడు. మొదలు మీద పిడికెడు కూడా వేయలేదు. పాత చీర పేలికతో తీగను వదులుగా కట్టి, మన్ను మట్టానికి తొట్టి గోడ మీద బొగ్గుగీత గీశాడు.

మర్నాడు తెల్లారగానే వచ్చి చూశాడు. మన్ను గీతకు అర వేలెడు కిందికి దిగింది. తలెత్తాడు. పేలిక జారి, చెట్టూ మన్నుతోపాటే దిగింది. గుత్తులు చెక్కుచెదరలేదు.

ఇంకా మూడు తొట్లున్నాయి.

"యాదమ్మా, జర వస్తవా?" అని కేకేశాడు.