దానయ్య ట్రిప్ షీటు

దానయ్యకు కోపం రావడానికి క్షణం చాలు. పోవడానికి మాత్రం ఏళ్లు పడతాయి. పదహారేళ్ల కిందట పిడుగురాళ్ల దగ్గర తనకు దారివ్వని బస్సు నంబరు ఆయనకు ఇప్పటికీ నోటికొచ్చు. అలాంటి మనిషిని అబద్ధాలకోరు అన్నాడు తేజ. అదీ పదిమందిలో.

నరసరావుపేటలో మీరా సాహెబ్ లారీ మీద దానయ్య ముప్పై ఒక్క ఏళ్లు డ్రైవరుగా చేశాడు. మాచర్ల నుంచి సిమెంటు, గుంటూరు యార్డుకు మిరపకాయలు. ప్రతి ట్రిప్పుకూ ఒక షీటు రాయాలి. ఎప్పుడు బయలుదేరింది, ఎప్పుడు ఆపింది, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది. సాహెబ్ అందరి షీట్లలోనూ గంటల పక్కన కిలోమీటర్లు పెట్టి చూసేవాడు. దాబాలో కునుకు తీసి దారిలో ఉన్నానని రాసినవాడు అక్కడే దొరికిపోయేవాడు. ఒక్క దానయ్య షీటు మీద మాత్రం చూడకుండానే సంతకం పెట్టేవాడు. ఆ సంతకం తలుచుకుంటే దానయ్యకు ఈ రోజుకీ ఛాతీ పొంగుతుంది.

నాలుగేళ్ల కిందట వినుకొండ దాటాక జరిగిన ప్రమాదంలో ఎడమకాలు నుజ్జయింది. రాడ్లు వేసి నిలబెట్టారు గాని మోకాలు వంగదు. వంగని కాలితో క్లచ్ తొక్కేదెట్లా? ఏడాదిపాటు మంచం మీద కూర్చుని గోడకేసి చూసేవాడు. అది చూడలేక కూతురు సుస్మిత ఒక పాత కంప్యూటరూ, బల్లకు బిగించే స్టీరింగూ తెచ్చింది. గుంటూరులో మూసేస్తున్న షాపులో లారీ నడిపే ఆట ఒకటి డబ్బాలో దొరికితే అదీ కొనుక్కొచ్చింది. ఆ ఆటలో గేర్లు వాటంతటవే పడతాయి. ఎడమకాలితో పనే లేదు.

రోడ్లన్నీ ఏవో చలిదేశాలవి. అయినా మొదటి మలుపు తిప్పగానే దానయ్య కళ్లు చెమర్చాయి.

ఊళ్లో అదే ఆట ఆడేవాళ్లు ఇరవై ముగ్గురు ఒక గుంపుగా ఉన్నారు. ఆదివారం పొద్దున్నే ఆటలో అందరి లారీలూ ఒకదాని వెనక ఒకటి బయలుదేరతాయి. కంప్యూటర్ సెంటర్ నడిపే జాషువా ఆ గుంపుకు పెద్ద. దానయ్యను చేర్చుకున్నదీ అతనే. మిగతావాళ్లంతా ఆటను ఆన్‌లైన్ స్టోర్లో కొన్నారు కాబట్టి, ఎవరు ఎన్ని గంటలు ఆడారో స్టోరే లెక్కపెట్టి పేరు పక్కన చూపిస్తుంది. దానయ్యది డబ్బా ఆట. సుస్మిత దాన్ని కూడా స్టోర్లోకి ఎక్కించింది. ఆట తెరుచుకుంటుంది, ఆడుతున్నట్టు పేరు కనిపిస్తుంది, గంటలు మాత్రం ఎక్కవు. బయట కొన్న ఆటను అది లెక్కలోకి తీసుకోదట.

"లెక్కేయకపోతే పీడాపాయె, నేను రాసుకుంటా" అన్నాడు దానయ్య. పొడుగు నోటుబుక్కు తెప్పించి గీతలు కొట్టి, ట్రిప్ షీటు మొదలుపెట్టాడు. టీకి లేచినా రాశాడు, కరెంటు పోయినా రాశాడు.

గుంపు పెట్టి ఏడాదైన సందర్భంగా పెద్ద యాత్ర అనుకున్నారు. ఎక్కువ గంటలు నడిపినవాడి లారీ ముందుండాలి. తేజకు రెండువేల ముప్పై ఆరు గంటలు. సత్తెనపల్లి రోడ్డులో సెల్‌ఫోన్ షాపు అతనిది. అతని తర్వాత దానయ్యే, వెయ్యిన్నీ నాలుగువందల పన్నెండు. రెండో బండిగా ఉండటానికి దానయ్యకు అభ్యంతరమేమీ లేదు. తన పుస్తకం ఫొటో తీసి గుంపులో పెట్టాడు.

తేజ ఊరుకోకుండా అందరూ వింటుండగా మైకులో అన్నాడు. "తాతా, పుస్తకంలో అయితే నేనూ రాసుకుంటా పదివేల గంటలు. నీ పేరు పక్కన కనపడేది సున్నా. దొంగ రాతలు లారీ ఓనర్ల దగ్గర చెల్లినయ్యేమో, ఇక్కడ చెల్లవు."

ఎవరో నవ్వారు. దానయ్య హెడ్‌ఫోన్ తీసి బల్లమీద పెట్టాడు. ఆ పూట అన్నం ముట్టలేదు.

"ఏందయ్యా, ఆటేగా" అంది భార్య ఆరోగ్యమ్మ.

"ఆటైతే ఏందే? నా షీటు దొంగదన్నాడు వాడు."

వారం తర్వాత ఫోనుకు గాజు వేయించుకోవడానికి దానయ్య తేజ షాపుకే వెళ్లాడు. కావాలనే వెళ్లాడు, వాడి మొహం దగ్గరగా చూద్దామని. తేజ కౌంటర్లో నిలబడి ఎవరితోనో బేరమాడుతున్నాడు. దానయ్య ఫోనులోని స్టోర్ యాప్‌లో మాత్రం తేజ పేరు పచ్చగా వెలుగుతూ, లారీ నడుపుతున్నట్టు చూపిస్తోంది. ఇంట్లో ఆట తెరిచిపెట్టి వచ్చాడన్నమాట, గంటలు వాటంతటవే ఎక్కుతున్నాయి. దానయ్య మీసం కింద నవ్వుకున్నాడు. దాబాలో కునుకు తీసే డ్రైవర్లను ఆయన ఎంతమందిని చూడలేదు!

ఆ తర్వాత పద్దెనిమిది రోజులు కుంటికాలితో ఆటో ఎక్కి షాపుకు ఎదురుగా ఉన్న టీకొట్టుకు వెళ్లాడు. తేజ కౌంటర్లో ఉన్న టైము, పేరు వెలిగిన టైము, రెండూ రాసుకున్నాడు. ఎండకు తల తిరిగినా మానలేదు. "ఈ పగ నిన్ను మింగుద్దయ్యా" అని ఆరోగ్యమ్మ తిట్టింది. మింగితే మింగిందిలే అనుకున్నాడు.

యాత్రకు ముందు ఆదివారం మైకులో జాషువాను ఒక్కటే అడిగాడు. "బాబూ, గంటల పక్కన కిలోమీటర్లు కూడా పెట్టమను. ప్రతి లారీలోనూ మీటరుంటది గదా. నేనూ పెడతా."

అందరూ మీటరు ఫొటోలు పెట్టారు. దానయ్యది అరవై తొమ్మిదివేల ఎనిమిదివందల ఎనభై. చాలాసేపు బతిమాలించుకుని తేజ పెట్టింది పదకొండువేల మూడువందలు.

"గంటకు అయిదున్నర కిలోమీటర్లు" అన్నాడు దానయ్య తాపీగా. "ఒరేయ్ తేజా, నేను ఈ కాలితో నడిచినా అంతే పోతానేమో. పదకొండో తారీఖు, పగలు పదకొండున్నర. నీ బండి రోడ్డు మీదుంది. నువ్వేమో నా ఫోనుకు గాజు అంటిస్తన్నావు." అలా పంతొమ్మిది తారీఖులూ చదివాడు. మధ్యలో ఆపమని తేజ రెండుసార్లు అడిగాడు. ఆపలేదు. ఒక్కో తారీఖు చదువుతుంటే ఆయన కడుపులో మంట ఒక్కో పిసరు చల్లబడింది.

ముందు బండి దానయ్యదైంది. తేజను గుంపులో ఉంచాలా వద్దా అన్నది ఆయనకే వదిలేశాడు జాషువా.

మర్నాడు సాయంత్రం తేజ ఇంటికొచ్చాడు. తాత అన్న నోటితోనే, "పెదనాన్నా, తప్పయిపోయింది. స్నేహితులంతా ఆడనే ఉన్నారు, తీసెయ్యమాకు" అని చేతులు పట్టుకున్నాడు.

"కుర్రోడు, ఒదిలెయ్యయ్యా" అంది ఆరోగ్యమ్మ లోపలి నుంచి.

దానయ్య కుంటుకుంటూ వెళ్లి బీరువాలోంచి కొత్త నోటుబుక్కు తెచ్చి అతని ముందు పడేశాడు.

"తీసెయ్యనులే. కూర్చో. నీ పేరు రాయి. తారీఖు ఏయి. ఇప్పటిదాకా నడిపిన గంటలెన్నో రాయి."

"రెండువేల…"

"సున్నా" అన్నాడు దానయ్య. "పెద్దగా రాయి. అందరికీ కనపడాల."

తేజ రాశాడు.

అప్పటినుంచి ప్రతి ఆదివారం యాత్ర అయ్యాక తేజ తన షీటు పట్టుకొస్తాడు. దానయ్య కళ్లజోడు పెట్టుకుని గంటల పక్కన కిలోమీటర్లు పెట్టి, ఒక్కో గీతా వేలితో చూస్తాడు. ఎనిమిది నెలలైంది. ఒక్క తప్పూ దొరకలేదు. అయినా చూడకుండా సంతకం మాత్రం పెట్టడు.